మేనేజర్ భార్య ట్రాలీ

శనివారం

పంజాగుట్ట సూపర్‌మార్కెట్‌లో రోజంతా నిలబడి వచ్చినవాళ్లకు టీ రుచి చూపించడం నా పని. పోయిన వారం కాళ్లు లాగి ఒక్క నిమిషం స్టూల్ మీద కూర్చుంటే, మేనేజర్ అందరి ముందూ "నిద్రపోనీకి వచ్చినవా ఈడికి?" అని అరిచాడు. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది.

ఇవాళ అతని భార్య సరుకులకు వచ్చింది. చేతిలో చిన్న చీటీ. ఉప్పు, పప్పు, సబ్బులు, అంతే. ట్రైనింగ్‌లో అతను నేర్పిన అమ్మకం కిటుకులన్నీ ఆమె మీదే వాడాను. వేడి కప్పు చేతికిచ్చి, "అక్కా, జర తాగి చూడు, గీ ఆఫర్ ఇయ్యాల్నే ఆఖరు" అన్నాను. పక్క అరల దాకా వెంట నడిచాను. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న బిస్కెట్లు, నూడుల్స్, షాంపూలు, అన్నీ ఆమె చేతిలోనే పెట్టాను. ట్రాలీ నిండిపోయింది. బిల్లింగ్ దగ్గర ఉన్న అతను, ఆ బిల్లు చూసి అందరి ముందూ డబ్బు తీస్తుంటే మొహం మాడిపోయింది. నాకు కడుపు కాస్త చల్లబడింది.

ఆమె వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. "ఇంట్ల నాతోటి ఇంత మంచిగ ఎవ్వరు మాట్లాడరు చెల్లె. ఇవన్ని కొన్నందుకు ఆయన ఇయ్యాల ఊకోడు" అంది, నవ్వుతూనే.

అతని మీద కసి ఇంకా తీరలేదు. కానీ షాపు మూసి అతను ఆమె ఉన్న ఇంటికి చేరే వేళయింది.