ఎడమ అంచు

గద్వాల,
ఆదివారం

మా రాధక్కకు,

నీ చెల్లెలు వీణ దండాలు. ఇంత మాత్రానికి ఫోన్ చేయొచ్చు కదే అంటావు. మాది ఒకటే గది, పక్కనే మీ మరిది ఉంటారు. ఆయన వినకూడని మాట కాబట్టి రాస్తున్నాను.

ఎడమ కంట్లో క్యాన్సర్ గడ్డ అన్ననాడు నేను బతుకుతానని ఎవరనుకున్నారు? కన్ను పోయినా ప్రాణం నిలిచింది. మొన్న హైదరాబాద్ దవాఖానలో చూసి, మళ్లీ ఏమీ లేదన్నారు. ఆ డాక్టరమ్మకూ, రాత్రింబవళ్లు నా మంచం పక్కన కూర్చున్న నీకూ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. పెట్టుడు కన్ను కూడా చక్కగా కుదిరింది.

కానీ అక్కా, ఒంటికన్ను బతుకు వేరే. చాయ్ గ్లాసులో పోయబోతే పక్కన పడుతుంది. ఎడమ పక్క ఎవరొచ్చినా ఉలిక్కిపడతాను. అవన్నీ ఓర్చుకుంటాను, మగ్గం సంగతే ఓర్చుకోలేను. పెళ్లయిన నాటి నుంచి ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తున్నాం, ఒకే చీరకు ఎడమ అంచు నాది, కుడి అంచు ఆయనది. దవాఖాన నుంచి వచ్చి కూర్చుంటే, నా అంచు నాకే కనబడలేదు. మెడ తిప్పేలోపల అడ్డపోగు మోసే నాడె జారి పోగులు తెగాయి. ఆయన ఒక్క మాటా అనలేదు. పోగులు అతికి, మర్నాడు పక్కింటి నిరోషను పిలుచుకొచ్చి మగ్గం మీద కూర్చోబెట్టుకున్నారు. అప్పటి నుంచి నేను మగ్గమున్న వసారా వైపే వెళ్లడం లేదు. తిట్టినా బాగుండేది. ఈ చీర పూర్తికాగానే నా చోటు ఆ పిల్లకే ఇచ్చేయమని చెబుతాను. నువ్వు వద్దనకు.

నీ వీణ

గద్వాల,
శుక్రవారం

అక్కా,

నువ్వు ముందే కాస్త నవ్వుకో, తర్వాత చదువు.

చీర పూర్తయింది. మాట చెప్పేద్దామని వెళ్లి చూద్దును కదా, ఎడమ అంచు వంకరటింకరగా ఉంది! ఒకచోట బిగువు, ఒకచోట వదులు. నాకు ఒళ్లు మండింది. నిరోషను పట్టుకుని కడిగేశాను.

"గిదేం అంచు పిల్లా? గద్వాల పేరు చెడగొడ్తవా?"

"నన్నెందుకు తిడ్తవొదినా? నేను కుడి దిక్కు కూసున్న. ఎడమ దిక్కు నేసింది అన్ననే!"

మీ మరిది తల గోక్కుంటూ నిలబడ్డారు.

"నువ్వు కుడి దిక్కు కూసుంటే అంచు నీ మంచి కన్ను దిక్కొస్తది. మరి నాకు ఎడమ దిక్కు అలవాటు కావాలె గద. నేర్చుకుంటున్న. చెయ్యి తిరుగుతలేదు."

"ముందుగాల చెప్పొచ్చు గద?"

"నేర్వకముందే చెప్తే నవ్వుతవని."

నవ్వాను, ఏడ్చాను కూడా. ఆయన మౌనాన్ని కోపమనుకున్నానే, నా తెలివి మండ! ఆ చీర ఎవరికీ అమ్మొద్దన్నాను. అది కట్టుకుని బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కు చెల్లిస్తాను. నువ్వూ రా, ఆ అంచు చూద్దువు గాని.

నిన్నటి నుంచి నేను కుడి పక్క కూర్చుంటున్నాను. పని నెమ్మదే, కానీ అంచు నా కంటి ముందుంది. ఎడమ పక్కనున్న ఆయనే ఇప్పుడు నాకు కనబడరు. మోచేయి మాత్రం తగులుతూ ఉంటుంది. నేను ఉలిక్కిపడటం లేదక్కా.

మగ్గం మీది నుంచే,
నీ వీణ