చక్రాల తొట్టెలలో పొత్రం

అమ్మా,

నీ సంవత్సరీకం అయిపోయింది. నువ్వు చూడని చిన్నోడికి మూడు నెలలు నిండాయి. పిల్లలిద్దరూ పట్టే స్ట్రోలర్ కోసం హనుమకొండ అంతా తిరిగాం. నా పెళ్లికి బీరువా కొన్నప్పుడు నువ్వు చేసినట్టే, మట్టెవాడలోని మా ఇంటి గుమ్మం వెడల్పును చున్నీతో కొలిచి, అక్కడ ముడివేసి తీసుకెళ్లాను. పక్కపక్కన సీట్లున్న బండ్లన్నీ ఆ ముడి దాటిపోయాయి. చివరికి ముందొకటి, వెనకొకటి సీటున్నది దొరికింది.

ఇంటికొచ్చాక ఓ సందేహం. కొత్త తొట్టెలలో బిడ్డకన్నా ముందు పొత్రాన్ని పడుకోబెట్టేదానివి కదా, చక్రాలున్నదానికీ ఆ పద్ధతి ఉందా? నువ్వైతే ఏమనేదానివో! అత్తమ్మను అడిగాను.

"చక్రాలుంటేంది బిడ్డా, పిల్లగాడు పండేదేనాయె," అంది.

రోటి పొత్రాన్ని నీ ఆకుపచ్చ చీరలో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టాను. నాలుగేళ్ల పెద్దది ముందు సీట్లో ఎక్కింది. గల్లీలో తోస్తుంటే బండి గడగడమంది. పెద్దది వెనక్కి తిరిగి, ఆ చీరను చూసి, నోటిమీద వేలు పెట్టుకుంది.

"జర మెల్లగ నూకు అమ్మా, అమ్మమ్మ పండుకున్నది."

గల్లీ చివరిదాకా మెల్లగానే తోశాను.