శుక్రవారం పన్నెండింటి దాకా మౌనం

నవంబర్ 6, సోమవారం

ముందుగా క్షమాపణలు. ఐరోపా ఖండానికి, అందులోని సమస్త దేశాలకు, వాటి మధ్య పరుచుకున్న కరెంటు తీగలకు, గ్యాసు గొట్టాలకు, ఆ తీగల మీద వాలే పిట్టలకు నేను తలవంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ పుస్తకంలో ఇకమీదట ఒక గౌరవనీయుడైన పెద్దమనిషి సర్వనాశనానికి పథకాలు ఉంటాయి. చదివి ఎవరి మనసైనా నొచ్చుకుంటే ఆ పాపం పూర్తిగా ఆ పెద్దమనిషిదే.

పెద్దమనిషి పేరు డాక్టర్ ఒట్టోకార్. ఆరు దేశాల కరెంటు, గ్యాసు రెగ్యులేటర్లు, అంటే నియంత్రణ అధికారులు, కలిసి నడుపుకునే మా ప్రాంతీయ బృందానికి చైర్మన్. మా ఆఫీసు ల్యుబ్ల్యానాలో, నది పక్కనే. నేను ఆ బృందానికి మినిట్స్ రాసేవాణ్ణి. పేరు ఆజ్బె. ఎకనామిక్స్‌లో మాస్టర్స్. కాంట్రాక్టు మార్చి 31 వరకే.

నేరం ఇది. చలి విరుచుకుపడి గ్యాసు చాలకపోతే ఏ దేశంలో ఏ ఊరికి ఎంత కోత పెట్టాలో తేల్చే పద్ధతి ఒకటి కావాలి. జనవరి 31 లోగా ఆరుగురూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నిర్ణయం మా చేతిలోంచి జారి పై ఏజెన్సీకి పోతుంది, ఒట్టోకార్ పరువు నదిలో కలుస్తుంది. ఆ పద్ధతి నేను రాశాను. నాలుగు నెలలు, నలభై ఒక్క పేజీలు. ఈ ఉదయం మీటింగులో పంచిపెట్టారు. మొదటి పేజీ మీద ఒట్టోకార్ పేరు ఉంది. నా పేరు చివరి పేజీలో కూడా లేదు.

బయటికొచ్చాక అడిగాను. నా భుజం తట్టి, తమ్ముడూ, ఇది టీమ్ వర్క్, ఉత్తరం చదివేవాడు పెన్సిల్ పేరు అడుగుతాడా ఎక్కడైనా, అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భోజనాల వేళకల్లా నేను పెన్సిల్ అయిపోయాను.

రాసింది నేనని ఉంటే పర్మినెంటు పోస్టు ఖాయం. లేదు కాబట్టి ఏప్రిల్ ఒకటిన రోడ్డు ఖాయం.

నవంబర్ 7

పథకాలు. అతని కుర్చీని రోజుకో సెంటీమీటరు కిందికి దించాలి, క్రిస్మస్ నాటికి గడ్డం బల్లకి ఆనాలి. అతని కాఫీ డబ్బాలో కెఫీన్ లేని కాఫీ నింపాలి. నేమ్ ప్లేటులో డాక్టర్ తీసేయాలి.

పక్క సీటు జార్యాకి చెప్పాను. ప్రయాణాలు, హోటళ్లు ఆమే చూస్తుంది. విని, ఒరేయ్ ఆజ్బె, ఇంత ఘోరమైన పగ నేనెక్కడా వినలేదు, పాపం ఆయన కాఫీ తాగాక కూడా నిద్రపోతాడేమో, అంది. ఇలాంటి స్నేహితులుంటే శత్రువు పని సులువు.

నవంబర్ 21

పిరోష్కా పిన్ని వచ్చింది. తూర్పు సరిహద్దు అవతలి దేశం నుంచి వచ్చే రెగ్యులేటర్. మొదట్లో మేడమ్ అన్నందుకు, మేడమేంటి నాన్నా, నీకు నేను పిన్నిని, అని కేకలేసింది. ప్రతి మీటింగుకీ తోర్నాక్ నుంచి వాళ్ల అక్క చేసిన ఉప్పు బిస్కెట్లు తెస్తుంది. మొదటిది నాకే. తోర్నాక్ సరిహద్దులో చిన్న ఊరు. ఒక ఆస్పత్రి, ఒక బాయిలర్ హౌసు. ఊరంతటికీ వేడి అక్కణ్ణుంచే.

ఒట్టోకార్ మూడు తిన్నాడు. అతను తిన్నవి కూడా నా పగలో కలిపాను.

డిసెంబర్ 12, ఉదయం 10.15

నా పద్ధతి తప్పు.

డిసెంబర్ 12, మధ్యాహ్నం

లెక్క రెండుసార్లు సరిచూశాను. రాస్తాను. కరెంటు వాళ్లకి రోజు అర్ధరాత్రి మొదలవుతుంది. గ్యాసు వాళ్లకి ఉదయం ఆరింటికి. ఈ రంగంలో మొదటి వారం నేర్చుకునేది ఇదే. నేను పదిహేడో పేజీలో కరెంటు రోజునీ గ్యాసు రోజునీ కలిపి కుట్టేశాను. అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా వాడిన గ్యాసు ఎవరి పేరునా పడకుండా జారిపోయింది.

పెద్ద ఊళ్లకి ఇది పట్టదు. రాత్రంతా బాయిలర్ మండే చిన్న ఊరికి పడుతుంది. నా సూత్రం ప్రకారం తోర్నాక్ గ్యాసు పెద్దగా వాడదు. పెద్దగా వాడని ఊరికి కోత పెట్టినా నష్టం లేదని నేనే రాశాను కాబట్టి, కోత వస్తే మొదట దానికే.

నలభై ఒక్క పేజీలు దొంగిలించినవాడు పదిహేడో పేజీ చదవలేదు.

డిసెంబర్ 13

నిన్న సిగ్గు. ఈరోజు పండగ. తప్పు అతని పేరు మీద ఉంది! నేను నోరు మూసుకుంటే చాలు. పద్ధతి పాసవుతుంది, అమల్లోకి వస్తుంది, ఒక చల్లని తెల్లవారుజామున బద్దలవుతుంది. ఖండం మొత్తం మొదటి పేజీ తిప్పి చూస్తుంది. మిగతా పథకాలన్నీ రద్దు. కుర్చీకి క్షమాభిక్ష పెట్టాను.

జనవరి 22, సోమవారం

మౌనం మొదలైంది. మా దగ్గర ఆచారం ఇది: కాగితం అందరికీ పంపుతాం, గడువు పెడతాం. ఆ లోగా ఎవరూ నోరెత్తకపోతే పాసైనట్టే. ఒక్కరు ఒక్క ఈమెయిల్ పెట్టినా ఆగిపోతుంది. గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. ఫిబ్రవరి 1 నుంచి అమలు.

పంపే బటన్ నొక్కింది నేనే. ఒట్టోకార్ వెనక నిలబడి, శభాష్ పెన్సిల్, అన్నాడు. నవ్వాను. అలా నవ్వడం నాకు వచ్చని అప్పటిదాకా తెలియదు.

జనవరి 24

వచ్చే వారం తూర్పున మైనస్ పద్దెనిమిది అని వాతావరణ శాఖ. పిరోష్కా పిన్ని ఫోన్ చేసింది, కాగితం గురించి కాదు. అక్కకి తుంటి విరిగిందట, తోర్నాక్ ఆస్పత్రిలో పడుకోబెట్టారట. ఈసారి బిస్కెట్లు లేవు నాన్నా, ఏమనుకోకు, అంది. పైగా, ఆస్పత్రి మాత్రం ఎంత వెచ్చగా ఉందో, ఇంటికి రానంటోంది ముసల్ది, అని నవ్వింది.

నేనూ నవ్వాను. మొన్నటి నవ్వు రాలేదు.

జనవరి 25

నేను మినిట్స్ రాసేవాణ్ణి. ఆస్పత్రులతో నాకు సంబంధం లేదు. ఈ వాక్యం నాలుగుసార్లు రాసి కొట్టేశాను. ఐదోసారి ఉంచుతున్నాను.

జనవరి 26, శుక్రవారం, ఉదయం 9.00

ఈమెయిళ్లు లేవు. ఒట్టోకార్ ఆఫీసు కోసం ఒక ట్రే నిండా క్రోఫ్‌లు, అంటే జామ్ నింపిన డోనట్లు, తెప్పించాడు, పన్నెండున్నరకి సంబరం. జామ్ కారుతున్న క్రోఫ్‌లు ప్రపంచంలో ఏ పాపం ఎరగనివి. ఇతని డబ్బుతో కొన్నవి కూడా.

11.20

ఒకవేళ చెబితే? తప్పు నాదని తేలుతుంది. అతను తప్పించుకుంటాడు. పోస్టు పోతుంది, పగ పోతుంది. పెన్సిల్ మిగులుతుంది, అది కూడా మొన విరిగి.

11.45

ఎవరూ నోరెత్తలేదు. ఆరు దేశాలు ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడూ చూడలేదు.

12.10

11.58కి పిరోష్కా పిన్ని ఈమెయిల్. రెండే వాక్యాలు. పదిహేడో పేజీలో రోజు ఎన్నింటికి మొదలవుతుంది? జవాబు వచ్చేదాకా నాకు అభ్యంతరం.

ఒట్టోకార్ అరుపుకి కిటికీ పావురాలు లేచిపోయాయి. ఈ ముసలమ్మకి ఇది ఎలా దొరికింది, ఎలా దొరికింది, అని గదంతా తిరిగాడు. జార్యా నా వైపు చూసింది. నేను క్రోఫ్ వైపు చూశాను.

జనవరి 30, మంగళవారం

అత్యవసర మీటింగ్. గడువు రేపే, సరిదిద్ది మళ్లీ అందరి చేతా ఒప్పించే సమయం లేదు. పద్ధతి పై ఏజెన్సీకి పోతోంది. అందరూ మొదటి పేజీ తిప్పి చూశారు. నేను కలలు కన్న దృశ్యమే, నాలుగో కుర్చీలోంచి చూశాను.

అప్పుడు పిరోష్కా పిన్ని, పంచదారలో ముంచిన గొంతుతో, డాక్టర్ గారూ, మీలాంటి పెద్దలు ఇంత చిన్న తప్పు చేస్తారంటే నేను నమ్మను, ఎవరో కుర్రాడు రాసి ఉంటాడు, మీరు మంచితనం కొద్దీ సంతకం పెట్టి ఉంటారు, అవునా కాదా, అంది.

ఒట్టోకార్ ఆ తాడు పట్టుకుని పైకి ఎగబాకాడు. అవునండీ, అక్షరాలా అంతే, మొత్తం ఈ ఆజ్బె పనే, మొదటి అక్షరం నుంచి చివరి కామా దాకా వీడిదే, నేను చదవనైనా లేదు, కావాలంటే మినిట్స్‌లో రాసుకోండి, అన్నాడు.

చైర్మన్ ఆదేశం. రాసుకున్నాను.

ఫిబ్రవరి 5

మినిట్స్ పంపాను. ఆచారం ప్రకారం మౌనం, శుక్రవారం పన్నెండింటి దాకా. ఒట్టోకార్ ఏటా లాగే ఈ వారం మంచు కొండల మీద ఉంటాడు. స్కీ వేసుకున్నవాడికి ఆఫీసు ఫోన్ అక్కర్లేదని పదేళ్లుగా గొప్ప చెప్పుకుంటున్నాడు. నేను ఒక్క రోజు ముందు పంపలేదు, ఒక్క రోజు వెనక పంపలేదు. నియమం అంటే నియమం.

ఫిబ్రవరి 9, 12.01

పాసైంది.

ఫిబ్రవరి 12

ముఖం ఎండకి కందిపోయి వచ్చాడు. మినిట్స్ చదివాక ఇంకా కందింది. ఇది మార్చాలి అన్నాడు. మౌనం ముగిశాక మార్చడానికి ఆరుగురూ ఒప్పుకోవాలండీ, మీరు పెట్టిన నియమమే, అని వినయంగా గుర్తుచేశాను. ఫోన్ తీసి ఆరు దేశాలకూ చేశాడు. ఐదో కాల్ పిరోష్కా పిన్నికి. ఇటు వైపున్న మాకు కూడా ఆమె నవ్వు వినిపించింది.

మార్చి 19

పై ఏజెన్సీ పదిహేడో పేజీ సరిచేసి మిగతా నలభై పేజీలు అలాగే ఉంచింది. దీన్ని రాసినది ఎవరు, మాట్లాడాలి, అని ఉత్తరం. జవాబుగా జార్యా మినిట్స్ కాపీ పంపింది. మొదటి అక్షరం నుంచి చివరి కామా దాకా, చైర్మన్ నోటి మాట. పర్మినెంటు పోస్టు కాగితం సాయంత్రం సంతకానికి వచ్చింది. సంతకం చేయాల్సింది ఒట్టోకార్. పెన్ను అతనికి నేనే ఇచ్చాను. పెన్సిల్ ఇవ్వబోయి ఆగాను.

జార్యా నమ్మడం లేదు. ఇదంతా నవంబరు నుంచీ నువ్వు పన్నిన వలేరా, రాక్షసుడా, అంటోంది. ఔనని తల ఊపాను.

మార్చి 20

అబద్ధం. కుర్చీ దించలేదు, కాఫీ మార్చలేదు, వల పన్నలేదు. నిజంగా చేసింది ఒక్కటే. జనవరి 26న 11.52కి మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. పిన్నీ, పదిహేడో పేజీ తప్పు, తోర్నాక్ చల్లారిపోతుంది, అన్నాను. ఎవరు రాశారు నాన్నా ఇది, అంది.

నేనే, అన్నాను.