అక్కకు అందని మాత్ర

జమ్మలమడుగు, 1963 డిసెంబరు, శుక్రవారం

పొద్దున పెద్దముడియం బావ వచ్చినాడు. అక్క పోయి ఇన్నేండ్లయినా వస్తానే ఉంటాడు. నన్ను చూసి, "శానా తేరుకున్నావే, మొగం వాపు తగ్గింది. ఏం మందు వాడ్తాండావు?" అన్నాడు.

మద్రాసు డాక్టరు చెప్పిందంతా చెప్పినా. మన రక్తమే గొంతులోని థైరాయిడ్ గ్రంథిని పగోడనుకొని తినేస్తుందంట. అందుకే ఆ చలి, మత్తు, వాపు, జుట్టు రాలడం. దినామూ పరగడుపున మాత్ర మింగాల, బతికినన్నాళ్లూ. మానేస్తే మళ్లీ మొదటికే. అక్కచెల్లెళ్లలో ఒకరికుంటే ఇంకొకరికీ రావచ్చంట.

"అక్కకుండింది ఇదే బావా," అన్నా.

అప్పట్లో అక్క ఎండాకాలంలో దుప్పటి కప్పుకుంటే వేషాలేస్తాందన్నాడు ఈ బావే. పొద్దున్నే లేవలేకుంటే ఎనుము మాదిరి పడుంటాదన్నాడు. సోమరిదని తెచ్చి మా ఇంట్లో దించిపోయినాడు. ఈ ఇంట్లో మంచం మీదనే పోయింది.

"సచ్చినామె సంగతి ఇప్పుడెందుకులే," అన్నాడు బావ.

 వంటింట్లో ఉన్న అమ్మ అంతా విన్నది. అమ్మయినా ఏమన్నా అంటుందేమోనని చూసినా. ఆమె బయటికొచ్చి, ఆయన గ్లాసులో ఇంకింత కాఫీ పోసింది.