అంపారో అఖాతంలో చొరబాటుదారును వివాహమాడిన సంగతి

ఉషువాయా పట్టణంలోని ధ్రువ భూభాగ నమోదు శాఖ డైరెక్టరు గారి సముఖమునకు,

అంటార్కిటికా మంచునేలపై అంపారో అఖాతంలో గల అర్జెంటీనా స్థావరం నుండి రిజిస్ట్రారు మరియు పోస్టుమాస్టరు ఎవరిస్తో లుద్వేన్యా వ్రాసుకున్న అర్జీ.

తేదీ: 3 మార్చి 1987

అయ్యా,

విషయం: దేశపు నేలను పెళ్ళికానుకగా ఇచ్చినానన్న అభియోగం కొట్టివేసి, నన్నూ నా భార్యనూ ఒకే ఓడ ఎక్కించుట గురించి.

సూచిక: తమరి మెమో 114 ("తగు ప్రయత్నం చేయవలెను"), తమరి మెమో 131 ("ఎందుకు చేసితివి?").

1. నేను కోర్డోబా ప్రాంతపు వాడను. వయసు నలభై మూడు. తమరు నన్ను ఇక్కడికి పంపి నాలుగేళ్ళయింది. ఇక్కడ పదకొండు మంది సైనికులు, మూడు రేకుల ఇళ్ళు, ఒక జెండాకర్ర, నా జనన మరణ వివాహ రిజిస్టర్లు ఉన్నవి. జనం ఎవరి పుస్తకంలో పుట్టి, పెళ్ళాడి, చస్తే నేల వారిదవుతుందని బయలుదేరే రోజున తమరు సెలవిచ్చారు. రెండేళ్ళపాటు ఇక్కడ ఎవరూ పుట్టలేదు, పెళ్ళాడలేదు, చావలేదు. ఖాళీ రిజిస్టరు శత్రువుకు సాక్ష్యమవుతుందని తమరు ఆగ్రహించారు. అందరూ మగవారేనని మనవి చేసుకున్నాను. దానికి వచ్చిన జవాబే మెమో 114. నేను ప్రయత్నం చేశానే గాని మరేమీ చేయలేదని మొదటే విన్నవించుకుంటున్నాను.

2. మా స్థావరానికీ చిలీ వారి స్థావరానికీ మధ్య ఒక వాగు. వేసవిలో మోకాలి లోతు, మిగతా రోజుల్లో గడ్డ. వాగుకు ఇవతలి నేలా, అవతలి నేలా, ముందున్న సముద్రమూ మొత్తం మాదేనని ఇద్దరమూ అంటాము. అవతలివారిని కాగితాల్లో 'చొరబాటుదారులు' అనే వ్రాయవలెనని శాఖ నియమం. ఆ నియమాన్ని ఈ అర్జీలోనూ పాటిస్తున్నాను. ఇందువల్ల ఇంట్లో కొంత ఇబ్బందిగా ఉన్నది.

అవతలి రిజిస్ట్రారు చొరబాటుదారు కుమారి ఎదెల్మీరా ఒయార్సో. చిలోయే ద్వీపపు మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళు. ప్రతి సోమవారం ఉదయం పదింటికి నేను వాగు దగ్గరికి వెళ్ళి నిరసన పత్రం ఇవ్వవలెను. ఆమెకూ అదే ఉద్యోగం.

"ఏం లుద్వేన్యా గారూ, ఇంకా మా నేల మీదే ఉన్నారా?" అనేది.

"మీరే ఇంకా మా నేల మీద ఉన్నారండీ," అనేవాణ్ణి.

"సరే, సంతకం పెట్టండి. చలికి వేళ్ళు పోతున్నాయి."

మొదటి శీతాకాలం ఇలాగే గడిచింది. రెండో శీతాకాలంలో నా సిరా గడ్డకట్టగా ఆమె సిరాబుడ్డి ఇచ్చింది. అప్పటినుండి మన దేశపు నిరసనలు చొరబాటుదారుల సిరాతోనే వ్రాయబడినవి. ఈ నేరం ఒప్పుకుంటున్నాను. సంతకాలయ్యాక ఫ్లాస్కులో తెచ్చిన మాతే ఆకుల కషాయం ఇద్దరమూ ఒకే గొట్టంతో తాగేవాళ్ళం. అది మన ఆచారమని నేను, వాళ్ళ ఆచారమని ఆమె. ఆ తగవు కూడా తేలలేదు.

3. గత ఆగస్టులో నాకు కడుపులో కుడివైపు నొప్పి లేచింది. మూడో రోజుకు జ్వరం, వాంతులు. మా దగ్గర ఉన్నది మాత్రలిచ్చే జవాను ఒక్కడే. కోత కోయగల డాక్టరూ, బల్లా వాగు అవతల ఉన్నవి. మా సార్జెంటు బ్రకమోంతె గారు తల అడ్డంగా ఊపారు. మన మనిషి వాళ్ళ ఆసుపత్రిలో పడుకుంటే అక్కడొక ఆసుపత్రి ఉందని మనం ఒప్పుకున్నట్టే కదా అన్నారు. న్యాయమే అనిపించింది. నాకు అప్పటికే తెలివి తప్పుతోంది.

కబురు ఎలా తెలిసిందో, ఎదెల్మీరా తానే మంచుబండి లాక్కుంటూ వాగు దాటి వచ్చింది. సార్జెంటు గారు గుమ్మంలో నిలబడి, చొరబాటు జరిగినప్పుడు చదవవలసిన నిరసన పాఠం చదవడం మొదలుపెట్టారు. అది నాలుగు పేజీలు.

ఆమె నా చంకల కింద చేతులు వేసి బండి మీదికి లాగుతూ, "చదవండి సార్జెంటు గారూ, నిదానంగా చదవండి. ఈలోపు ఈయన పోతే, శవం ఏ దేశానిదో మళ్ళీ మొదటినుంచి పోట్లాడుకోవచ్చు," అన్నది.

సార్జెంటు గారు రెండో పేజీ దగ్గర ఆగారు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, బండి వెనకనుంచి నెట్టారు. వాగు మధ్యదాకానే నెట్టారని, అవతలికి అడుగు పెట్టలేదని ఆయన తరఫున సాక్ష్యమిస్తున్నాను. ఇంకో గంట ఆలస్యమైతే మరణాల రిజిస్టరులో మొదటి పేరు నాదయ్యేదని డాక్టరు చెప్పాడు. ఆ పేరు వ్రాయడానికి మాత్రం ఎవరూ ఉండేవారు కారు.

4. పన్నెండు రోజులు అక్కడ పడుకున్నాను. ఆమె రోజూ తమ ద్వీపపు బంగాళాదుంప రొట్టె కాల్చి తెచ్చేది. ఏడో రోజున ధైర్యం చేశాను.

"ఎదెల్మీరా గారూ, మీరు మా నేల మీద ఉండటం చట్టవిరుద్ధం."

"మూడేళ్ళనుంచీ వింటున్నాను."

"చట్టబద్ధంగా ఉండే దారి ఒకటుంది."

ఆమె రొట్టె ముక్కలు చేయడం ఆపింది. చాలాసేపు కిటికీలోంచి చూసింది. అక్కడ చూడ్డానికి మంచు తప్ప ఏమీ లేదు.

"ముందు లేచి నిలబడండి. పడుకున్నవాడు అడిగితే మా చట్టంలో చెల్లదు," అన్నది.

నిలబడ్డాను. కుట్లలో ఒకటి తెగింది. ఇది నా సర్వీసు రికార్డులో గాయంగా నమోదు చేయవలెనని కోరను.

5. తరువాత వచ్చిన చిక్కులు తమరికి తెలిసినవే. నా పుస్తకంలో పెళ్ళాడితే ఆమె దేశం ఓడినట్టు. ఆమె పుస్తకంలో పెళ్ళాడితే మన దేశం ఓడినట్టు. పోనీ పడవలో అంటే నీళ్ళ మీదా తగాదాయే. నవంబరులో ఓడ మీద వచ్చిన ఫాదర్ ఇందలేసియో గారి కాళ్ళు పట్టుకున్నాము. ఆయన గడ్డం గోక్కొని, "దేవుడికి సరిహద్దుల్లేవు నాయనా. బిషప్పుకి ఉన్నాయి," అని, మా ఇద్దరి నెత్తినా చేయి పెట్టి మళ్ళీ ఓడ ఎక్కేశారు.

చివరికి దారి నియమావళిలోనే దొరికింది. రిజిస్ట్రారు జబ్బుపడితే సీనియర్ సైనికుడు ఆ పని చూడవచ్చును. ఫిబ్రవరి 9న నేను ఒక గంట అనారోగ్య సెలవు పెట్టాను. అవతల ఆమె కూడా పెట్టింది. వాగు మీద చెక్క వేసి మేమిద్దరం మధ్యలో నిలబడ్డాము. ఇవతలి గట్టున సార్జెంటు బ్రకమోంతె గారు, అవతలి గట్టున వాళ్ళ సార్జెంటు, ఒకరి గొంతు ఒకరికి వినబడకూడదని ఇద్దరూ ఒకేసారి అరుస్తూ వివాహ పాఠం చదివారు. ఎక్కడ 'సరే' అనాలో మాకు వినబడలేదు. ఎందుకైనా మంచిదని ఇద్దరమూ నాలుగుసార్లు అన్నాము. అలా రెండు దేశాల రిజిస్టర్లలోనూ మొదటి నమోదు జరిగినది. గట్ల మీద ఉన్నవాళ్ళందరూ టోపీలు ఎగరేశారు. ఒక టోపీ వాగులో కొట్టుకుపోయింది. అది ఏ దేశపుదో విచారణ జరుగుచున్నది.

6. పదోరోజున రేడియోలో మెమో 131 వచ్చినది. వధువు చిరునామా గడిలో 'అంపారో అఖాతం, వాగు అవతల' అని వ్రాయించి, అక్కడ పరాయివారు కాపురముంటున్నారని ప్రభుత్వ పుస్తకంలో ఒప్పుకున్నానట. అది నేలను ధారపోయడమేనట. నేను వచ్చే ఓడలో ఉత్తరానికి రావలెనట, భార్యను తీసుకురావడానికి వీల్లేదట. అదే రోజున అవతలి రేడియోలో ఆమెకూ అదే మెమో, నా చిరునామా గురించి. చదువుకుంటే రెండు మెమోలూ ఒకే మనిషి వ్రాసినట్టున్నవి. తమరి శాఖకూ వారి శాఖకూ ఇన్నేళ్ళలో ఒక్క విషయంలో మాట కలిసిందంటే అది మమ్మల్ని విడదీయడంలోనే.

అయ్యా, నేను ఇరవై ఏళ్ళుగా ఎవరెవరి పెళ్ళిళ్ళో వ్రాశాను. ఆ వరుసల్లో పేర్లు వ్రాయడమే తప్ప, ఒకరి పక్కన ఒకరి పేరు ఉండటమంటే ఏమిటో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. ఈ మంచులో ఉదయం లేవగానే "చలిగా ఉందా?" అని అడిగే మనిషి ఉన్నది. ఆమెను ఒక ఓడలో, నన్ను ఒక ఓడలో పంపితే, మ్యాపులో తమరికి ఒక వేలెడు రంగు మిగులుతుందేమో గాని నాకేమీ మిగలదు. నన్ను ఉద్యోగంలోనుంచి తీసేయండి. చొరబాటుదారుగా ప్రకటించండి. ఏ దేశపు ఓడయినా సరే, మమ్మల్ని ఒక్క ఓడ ఎక్కించండి.

పై సంగతులు చిత్తగించి, ఓడ లంగరెత్తకముందే కరుణించవలెను.

తమ విధేయుడు (ఈ నెలాఖరు వరకు),
ఎవరిస్తో లుద్వేన్యా

తా.క. మార్చి 17.

డైరెక్టరు గారూ, ఇది నా చేతివ్రాత. నేను ఎదెల్మీరాను. ఆయన వ్రాసిందంతా నిజమే, నన్ను చొరబాటుదారు అన్న ముక్క తప్ప.

మొన్న మా ఓడ వచ్చింది. నేను వాగు దాటి మా ఆయన గదిలో కూర్చున్నాను. నన్ను పట్టుకురమ్మని కెప్టెను మనుషుల్ని పంపితే వాళ్ళు వాగు దగ్గర ఆగిపోయారు. దాటితే యుద్ధమవుతుందేమో, రాజధాని నుంచి కాగితం కావాలన్నారు. కాగితం రాలేదు. మంచు బిగుస్తోందని ఓడ వెళ్ళిపోయింది.

ఈ ఉదయం మీ ఓడ వచ్చింది. మా ఆయన్ని నా గదిలో కూర్చోబెట్టాను. మీ కెప్టెను గట్టు మీద నిలబడి గంటసేపు కేకలేశాడు. "మనదే నేల అంటున్నారుగా, వెళ్ళి పట్టుకురండి!" అని మీ సార్జెంటు మీద విరుచుకుపడ్డాడు.

"వెళ్తానండీ. వ్రాతపూర్వకంగా ఆజ్ఞ ఇప్పించండి," అన్నారు బ్రకమోంతె గారు, కదలకుండా.

ఆజ్ఞ రాలేదు. ఓడ బయలుదేరడానికి ఈల వేస్తోంది. ఈ అర్జీ ఆ సార్జెంటు గారి చేతికే ఇచ్చి ఓడకు పంపుతున్నాను. వచ్చే నవంబరు దాకా ఇక్కడికి మరో ఓడ రాదు. కాబట్టి నేల ఎవరిదో మీరూ మావాళ్ళూ కూర్చుని బాగా ఆలోచించుకుని తేల్చండి. మాకేం తొందరలేదు.