వంటింటి కుళాయి

అమ్మలూ,

మనకు ఇల్లు దొరికిందే తల్లీ. సంతోషం పట్టలేక రాస్తున్నాను. అప్పు తీరలేదని బ్యాంకువాళ్ళు శుక్రవారం వేలం వేస్తున్నారని చెప్పానే, ఆ ఇల్లే.

పాట పాడేముందు లోపల ఎలా ఉందో చూద్దామని తలుపు కొట్టాను. భుజాన పానాల సంచి ఉందిగా, ఆ ఇంటావిడ తను పిలిపించిన కుళాయి మేస్త్రీని నేనే అనుకుంది. నేనూ కాదనలేదు. నలభై ఏళ్ళు చేసిన పనే కదా, వంటింటి కుళాయి బాగుచేస్తూ ఇల్లంతా చూసేశాను. గోడలు ఉక్కుముక్కలు, ఎక్కడా చెమ్మ లేదు. నీ పిల్లలకు వేరే గది కూడా ఉంది.

"వేలం ఆగిపోతుంది బాబాయిగారూ. మా ఆయన గడువు అడగడానికి వెళ్ళారు. అందుకే ఇవన్నీ బాగుచేయిస్తున్నాను" అంది.

గడువు ఇవ్వడం లేదని పొద్దున్నే బ్యాంకులో నాకు చెప్పారు. ఆ మాట ఆవిడతో ఎలా అనను? వాషరు బిగించేశాను.

కూలి వద్దన్నాను. "మీ పిల్లలు సొంతింట్లో చల్లగా ఉండాలి" అని దీవించింది. ఇంతకన్నా ఏం కావాలే మనకి?

పాటకి మాత్రం అల్లుడూ నువ్వూ వెళ్ళండి. ఆవిడ వస్తే నన్ను గుర్తుపడుతుంది.

వంటింటి కుళాయి గురించి బెంగ వద్దు. పదేళ్ళదాకా కారదు.

నీ నాన్న