ఖజానా గది తలుపు

ఒరే గుండూ, నీ గురించే రాస్తున్నానురా. అక్షరాలు వంకరపోతే నవ్వకు.

అయ్యా,

విషయం: పాత బ్యాంకు భవనంలో ఖజానా గది తలుపు, మా అబ్బాయి చావు గురించి.

1. సదరు భవనం మొదట బ్యాంకు. గుండు పుట్టకముందు నేను అక్కడ నేల తుడిచాను. బ్యాంకు పోయాక చెప్పుల గోదాము అయింది, తరువాత ట్యూషన్లు చెప్పారు, ఇప్పుడు హోటలు చేశారు. ఎన్ని మారినా ఖజానా గది ఇనపతలుపు మాత్రం ఎవరూ పీకలేకపోయారు. ఆ గదికి కిటికీ లేదు.

2. ఆ గదికి రంగులు వేసింది మా గుండు. హోటలుకు అనుమతి ఇవ్వడానికి తమరు తనిఖీకి వచ్చినప్పుడు వాడు లోపలే ఉన్నాడు. తమరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "అబ్బా, ఏంటయ్యా ఈ కంపు? ఆ తలుపెయ్యండి" అన్నారు. వాడి జతగాడు, "లోపల మావాడున్నాడు సార్" అన్నాడు. "రంగులేసేవాడికి రంగు వాసన కొత్తా ఏంటి?" అన్నారు తమరు. అందరూ నవ్వారట. తాళం తిప్పందే ఆ తలుపు మూసుకుని ఉండదని, మేస్త్రీ తలుపు వేసి తాళం తిప్పాడు.

3. తాళంచెవి మేస్త్రీ జేబులో. మేస్త్రీ తమరి వెనకాల. జతగాడు మేడమీదికి పరిగెత్తుకొస్తే, "సారు వెళ్లనీరా, చూద్దాం" అని కసిరాడు. తమరు నింపాదిగా అంతా చూసి, టీ తాగి, కారెక్కారు. అప్పుడు తీశారు తలుపు. ఆ రంగు ఘాటుకు ఊపిరాడక నా బిడ్డ గడప దగ్గరే పడి ఉన్నాడు. తలుపు నిండా వాడి చేతుల రంగే.

4. తమరి రిపోర్టులో "పనివాని అజాగ్రత్త" అని ఉంది. నిచ్చెన ఎక్కేముందు రెండుసార్లు కదిపి చూసుకునే పిల్లాడండీ వాడు! ఆ మాట కొట్టేయండి. "తలుపు వేయమన్నది నేనే" అని తమరి చేత్తో రాయండి. నేను అడిగేది ఇదొక్కటే.

5. నెంబరు వేశాను గానీ ఇది ఫిర్యాదు కాదు. హోటలువారు జాలిపడి నాకు పని ఇచ్చారు. ఆ గదిని ఇప్పుడు గొప్పవాళ్లు కూర్చుని తినే గది చేశారు. వచ్చినవాళ్లకు తలుపు తీయడం, వేయడం నా పని. ప్రారంభం రోజు మొదటి భోజనం తమరికేనట.

ఈ అర్జీ తమరి చిత్తానికి ఎక్కితే సరి. ఎక్కకపోయినా నాకు తొందరేం లేదు.

కింద తమ విధేయురాలు అని రాయాలట. చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
గుండు వాళ్లమ్మ

తా.క. ఆ రోజు వంట వాసన హాల్లోవాళ్లకు తగలకుండా తలుపు నేనే వేస్తాను. తినేవాళ్లకు తిండి వాసన కొత్తేం కాదు కదా. తాళంచెవి నా కొంగున ఉంటుంది. తమరు కంగారు పడకుండా, నింపాదిగా, కడుపునిండా తినండి.